తల మీద చెయ్యి

పదకొండో తలకాయ కాల్చేసరికి మార్త కళ్లలో నీళ్లు కారడం ఆగిపోయింది. రోజూ అంతే. మొదటి నాలుగైదు తలలకు పొగ కళ్లలో గుచ్చుకుంటుంది, ఆ తర్వాత కళ్లే అలవాటు పడతాయి. ఎడమచేత్తో గ్యాసు మంట గొట్టం పట్టుకుని, కుడిచేతిలోని ఇనప ఊచకు గుచ్చిన మేక తలను నెమ్మదిగా తిప్పుతూ, చెవుల మడతల్లో, కొమ్ముల మొదట్లో, దవడ కింద ఎక్కడా వెంట్రుక మిగలకుండా కాల్చింది. కాలిన తలను బండ మీద పెట్టి కత్తితో గీకింది. మసి పొరలు పొరలుగా ఊడి, కింద పసుపచ్చటి తోలు బయటపడింది. చెంబుడు నీళ్లు పోసి, పసుపు రాసి, పక్కనున్న ప్లాస్టిక్ టబ్బులో పడేసి పన్నెండోది అందుకుంది.

ఆమెకు యాభై నాలుగేళ్లు. పొట్టి మనిషి. జుట్టు కనపడకుండా తలకు తువ్వాలు బిగించి కట్టుకుంటుంది. మోచేతుల దాకా చేతులు మగవాడి చేతుల్లా గట్టిపడిపోయాయి. మేక కాళ్ల గిట్టలు ఊడబెరికీ ఊడబెరికీ కుడి బొటనవేలి గోరు సగం అరిగిపోయింది. ఎంత సబ్బు పెట్టి తోముకున్నా ఒంటి నుంచి కాలిన బొచ్చు వాసన పోదు. సిటీ బస్సులో పక్కసీటు ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే మార్త జరగదు, తల తిప్పి వాళ్లవంకే చూస్తుంది.

గవర్నర్‌పేట వెనక సందులో బడే మియా మటన్ కొట్టు అది. ఆదివారం ఉదయం ఏడున్నరకే జనం మెట్ల కింద దాకా నిలబడి ఉన్నారు. ముందు బడే మియా మొద్దు మీద మాంసం కొడుతున్నాడు. వెనక రేకుల పంచలో మార్త తలలు, కాళ్లు బాగుచేస్తోంది. పద్నాలుగేళ్లుగా ఆమె చోటు అదే.

నడుం దగ్గర ప్లాస్టిక్ కవరులో చుట్టి దోపుకున్న ఫోను మోగింది. చెయ్యి పైటకు తుడుచుకుని చూసింది. కంకిపాడు అవతల, తను కాపురం చేసిన పేటలోని చర్చి పాస్టరుగారు. ఈ నెలలో ఇది నాలుగోసారి.

సొలొమోనుకు రాత్రి నుంచీ మాట తడబడుతోందట. ఈ రోజు దాటడం కష్టమని డాక్టరు చెప్పాడట. ఆయన మీ పేరే తలుస్తున్నాడు, ఒక్కసారి వచ్చి క్షమించానని ఒక్కమాట చెప్పండి, మనిషి శాంతిగా వెళతాడు అని పాస్టరుగారు బతిమాలాడు. దేవుడు ఆయన్ని ఎప్పుడో క్షమించేశాడు, రక్తం కార్చి మరీ క్షమించాడు, ఇక మీదే ఆలస్యం అన్నాడు.

"దేవుడు క్షమించేశాక ఇక నాతో పనేముందండీ?" అని మార్త ఫోను పెట్టేసింది.

మంట మళ్లీ వెలిగించింది గానీ తల తిప్పడం మర్చిపోయింది. ఒక చెవి మాడిపోయింది.

ఆమె భర్త ఏసుపాదం రైసు మిల్లులో కూలీ. ధాన్యాన్ని పైకి ఎత్తే బెల్టు కింద ఒక లోతైన గొయ్యి ఉండేది. అందులో ధాన్యం దిగబడిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు దిగి తోడాలి. మోటారు మీట వేసే పని సొలొమోనుది. ఇద్దరిదీ ఒకే పేట, ఒకే సంఘం. ఒకరోజు మధ్యాహ్నం ఏసుపాదం గోతిలో ఉండగానే బెల్టు తిరిగింది. పోలీసులొచ్చేసరికి గోతి పక్కన సగం ఖాళీ అయిన సారా సీసా కనపడింది. ఏసుపాదం తాగి ఉన్నాడనీ, తనకు చెప్పకుండా దిగాడనీ సొలొమోను చెప్పాడు. మిల్లు యజమానికీ ఆ మాటే అనుకూలంగా ఉంది. అదే రాసుకున్నారు.

బాప్తిస్మం తీసుకున్నాక ఏసుపాదం సారా ముట్టలేదు. చర్చిలో ప్రభు బల్ల సంస్కారం జరిగే ఆదివారాల్లో చిన్న చిన్న గాజు గ్లాసుల్లో ద్రాక్షరసం పోసేది అతనే. చుక్క కింద పడకుండా, నాలుక కొస బయటపెట్టి, చిన్నపిల్లాడిలా పోసేవాడు. సమాధి దగ్గర ఎవరో గొణిగారు, రసం పోసీ పోసీ రుచి మరిగాడని. కొందరు నవ్వారు. ఆ నవ్వు విన్నాక మార్త పేటలో నలభై రోజులు కూడా ఉండలేదు. తొమ్మిదేళ్ల కూతురు కీర్తన చెయ్యి పట్టుకుని బెజవాడ బస్సెక్కింది.

నెల క్రితం, లివరు పాడై మంచాన పడ్డ సొలొమోను పాస్టరుగారిని ఒంటరిగా పిలిచి, ఏసుపాదం తాగలేదు, నేనే అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి, పాపం కడిగివేయబడిందని ధైర్యం చెప్పి, ఆ సంగతి మార్తకు ఫోనులో చెప్పాడు. పేటలో మాత్రం ఇంకెవరికీ చెప్పలేదు.

మార్త ఆ సాయంత్రమే కూతురికి చెప్పింది. కీర్తన ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో ఒక ల్యాబులో పనిచేస్తోంది. నాన్న ఫొటో పెద్దది చేయించి దండ వేద్దామని అడిగినప్పుడల్లా, తాగి గోతిలో దిగినాయనకు దండలెందుకమ్మా అనే పిల్ల అది. ఈ కబురు విని కూడా కరగలేదు. "నువ్వు వినాలనుకున్న మాటే నీకు వినిపించిందమ్మా. నేనైతే వినలేదు" అంది.

పదకొండు గంటలకు జనం పలచబడ్డారు. బడే మియా వెనక్కి వచ్చి, టీ గ్లాసు ఒకటి మార్త పక్కన పెట్టి, మాడిన చెవి వంక చూశాడు. ఏమైందని అడగలేదు. ఆమే చెప్పింది. ఆయనకు డెబ్బై దాటాయి. గడ్డం గోరింటాకుతో ఎర్రబడి ఉంటుంది. అంతా విని చాలాసేపు టీ ఊదుకున్నాడు. బక్రీదుకు తన చేత్తో ఎన్ని వందల కుర్బానీలు ఇచ్చాడో చెప్పి, మాంసమూ నెత్తురూ పైకి చేరవని మా పెద్దలు చెబుతారు, ఇచ్చినవాడి మనసే చేరుతుంది అన్నాడు. మీ దాంట్లో ఎలాగో నాకు తెలీదు అని కూడా అన్నాడు.

"మా దాంట్లో నెత్తురే కడుగుద్దంటారు భాయ్," అంది మార్త. "నేను పొద్దుగూకులూ కడిగేదే నెత్తురు."

బడే మియా నవ్వలేదు. "వెళ్లు మార్తమ్మా. క్షమించడానికి కాకపోతే తిట్టడానికైనా వెళ్లు. మనిషి పోయాక గోడని తిడతావా?"

మార్త చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుంది. తువ్వాలు విప్పి జుట్టు ముడేసుకుంది. చీర మార్చుకోలేదు. మసి మరకల చీరతోనే బస్టాండుకు నడిచి కంకిపాడు బస్సెక్కింది.

బెంజి సర్కిల్ దాటాక బస్సు ఖాళీ అయింది. పోరంకి, పెనమలూరు, గంగూరు దాటిపోయాయి. అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కున్న పొలాల్లో కోతలైపోయి మినుము మొలకెత్తి ఉంది. మార్త కిటికీ చువ్వ పట్టుకుని, ఏం అనాలో లోపల కూడబలుక్కుంటూ కూర్చుంది. ఒకే మాట పదిసార్లు పేర్చుకుంది. కంకిపాడులో దిగి ఆటో ఎక్కేసరికి ఆ మాట కూడా చెదిరిపోయింది.

ఆరాధన అప్పుడే ముగిసి, పేట చర్చి ముందు జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. మార్తను చూసి కొందరు ఆగారు. పాస్టరుగారు గబగబా మెట్లు దిగి వచ్చాడు. నలభై లోపు మనిషి. తెల్లచొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. వచ్చారు, దేవునికి స్తోత్రం అంటూ ఆమెను వేపచెట్టు నీడకు తీసుకెళ్లి, వెళ్లగానే ఏమనాలో మెల్లగా చెప్పబోయాడు.

"ముందు నాకో సంగతి చెప్పండి అయ్యగారూ," అంది మార్త. "దేవుడు క్షమించాలంటే నెత్తురెందుకు? ఊరికే క్షమించకూడదా?"

ఆయన ఆ ప్రశ్నకు తడుముకోలేదు. బహుశా ఆయన్ని ఈ పనిలోకి తెచ్చిన ప్రశ్న కూడా అదే కావచ్చు. "ఊరికే వదిలేస్తే, జరిగింది ఏమీ కాదన్నట్టు అవుద్దమ్మా. ఒక మనిషి నలిగిపోయాడు. అది ఏమీ కాదా? దేవుడు న్యాయం చేసేవాడైతే దాన్ని దాటిపోలేడు. శిక్షిద్దామంటే మనలో ఒక్కడు మిగలడు. అందుకే ఆ దెబ్బ తనే తిన్నాడు. క్షమించడమంటే అదే. తగిలినవాడే మళ్లీ దెబ్బ తినడం."

"అది నేను కాదన్లేదు. అందుకేగా నమ్మింది. జరిగింది ఏమీ కాదనే దేవుడైతే నాకసలు అక్కర్లేదు." మార్త గొంతు పెరిగింది. చెప్పులేసుకుంటున్నవాళ్లు ఇటు తిరిగారు. "పూర్వం బలికి మేకను తోలుకొచ్చినవాడు ఏం చేసేవాడండీ? దాని తల మీద చెయ్యి పెట్టేవాడా లేదా?"

"పెట్టేవాడు."

"పెట్టి?"

"తను చేసింది ఒప్పుకునేవాడు."

"ఎక్కడ? గదిలో తలుపేసుకునా?"

ఆయన మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

"సొలొమోను తలుపేసుకుని మీ చెవిలో చెప్పాడు. మా ఆయన పేరు దేవుడి దగ్గరేం చెడలేదండీ. ఈ పేటలో చెడింది. మీరు చూస్తే ఆ తీర్పంతా పైనే అయిపోయిందంటారు. కింద ఎవరు కడుగుతారు?"

రావమ్మ సంగతి ఆలోచించండి, బెన్నీ ఇప్పుడు సంఘంలో పెద్ద, వాళ్లు రేపు తలెత్తుకుని తిరగాలి కదా అని పాస్టరుగారు నచ్చజెప్పబోయాడు. రావమ్మ సొలొమోను భార్య, బెన్నీ కొడుకు. పద్నాలుగేళ్లు నేనూ నా కూతురూ ఎలా తిరిగామో ఎవరూ ఆలోచించలేదని మార్త అంది. తర్వాత ఇంకేమీ వినకుండా సొలొమోను ఇంటివైపు నడిచింది. కొంతసేపటికి వెనక అడుగుల చప్పుడు వినపడింది. పాస్టరుగారు వస్తున్నాడు. ఆయన వెనక, ఆయన పిలిచాడో లేక తామే కదిలారో, చర్చి ముందున్నవాళ్లలో పదిమంది దాకా వస్తున్నారు.

సొలొమోను ముందుగదిలో నులకమంచం మీద ఉన్నాడు. ఒకప్పుడు వడ్లబస్తాను ఒంటిచేత్తో భుజానికెత్తుకున్న మనిషి. ఇప్పుడు పొట్ట కుండలా ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లలై, కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. లేచి కూర్చోవడానికి ఆసరాగా మంచం పైన దూలానికి పాతచీర పేలిక ఒకటి కట్టి ఉంది. మార్తను చూడగానే అతను దాన్ని అందుకుని లేవబోయాడు. సగం లేచి మళ్లీ పడిపోయాడు.

రావమ్మ మంచం పక్కనుంచి లేచింది. గుమ్మంలో జనాన్ని చూసి ఆమెకు విషయం అర్థమైంది. "చచ్చేవాణ్ణి కూడా వదలవా వదినా?" అంది.

"చచ్చినవాణ్ణి మీరు వదల్లేదుగా," అంది మార్త.

ఫోను తీసి కీర్తనకు చేసింది. పెట్టెయ్యకు, మాట్లాడకు, విను అని చెప్పి, స్పీకరు పెట్టి మంచం పట్టె మీద ఉంచింది. అప్పుడామె నేల మీద మోకాళ్లూనింది. సొలొమోను చెయ్యి పట్టుకుంది. చల్లగా, ఎండిన చింతకాయలా ఉంది. ఆ చేతిని ఎత్తి తన నెత్తి మీద పెట్టుకుంది.

"మేక లేదు అన్నయ్యా. నేనే ఉన్నాను. చెప్పు."

సొలొమోను పెదవులు రెండుమూడుసార్లు ఆడాయి. తర్వాత మాట వచ్చింది. ఒక్కో మాటకూ ఊపిరి తోడుకుంటూ చెప్పాడు.

"ఏసుపాదం తాగలేదు. దిగుతున్నానని నాతో చెప్పే దిగాడు. నేను... పైకొచ్చాడో లేదో చూళ్లేదు. కేకెయ్యలేదు. మీట వేశాను."

మార్త నెత్తి మీది చెయ్యి బరువెక్కుతున్నట్టు అనిపించింది. అంత పుల్లలాంటి చేతికి అంత బరువెక్కడిదో తెలియలేదు. జారిపోకుండా తన రెండు చేతులతో పట్టుకుంది.

"పోలీసులొస్తే భయమేసింది. తాగాడని చెప్పాను. అయ్యగారికి చెప్పనిది ఒకటుంది. ఆ సీసా... నాది. నేనే పెట్టాను. గోతి పక్కన."

గుమ్మంలో ఎవరో నోరు నొక్కుకున్న చప్పుడు. పాస్టరుగారు గోడకు ఆనుకున్నాడు.

మార్త తల ఎత్తలేదు. ఆ సీసా ఇంకెవరిదో అని అప్పట్లో ఆమె పేటలో గుమ్మం గుమ్మానికీ తిరిగి వాదించింది. మా ఆయనది కాదని ప్రమాణాలు చేసింది. అయితే ఇంటికెళ్లి పడుకున్నాక, ఏమో, పనిలో ఎవరైనా బలవంతం చేస్తే తాగాడేమో అనుకున్న రోజులున్నాయి. ఒకటీ రెండూ కాదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ప్రార్థనలో దేవుడితో కూడా అనలేదు.

కాసేపటికి, తల వంచుకునే, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఆ సీసా చూసి నేను కూడా అనుమానపడ్డాను. ఆయన్నే. ఇదిగో, అందరి ముందూ చెబుతున్నా."

తర్వాత లేచి నిలబడింది. మోకాళ్లకు పేడమట్టి అంటుకుంది. దులుపుకోలేదు. గుమ్మంలో నిలబడ్డ వాళ్లందరినీ ఒక్కొక్కళ్లనే చూసింది. వాళ్లలో సమాధి దగ్గర నవ్వినవాళ్లున్నారో లేదో ఆమెకు గుర్తులేదు. "విన్నారుగా. మీ పిల్లలకు చెప్పండి" అంది. కొందరు తలలు దించుకున్నారు. ఒక ముసలాయన, ఏసుపాదంతో కలిసి మిల్లులో బస్తాలు మోసినవాడు, విన్నాం తల్లీ అన్నాడు.

పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నాడు. మార్త చెయ్యెత్తి ఆపి మంచం వైపు తిరిగింది.

"సొలొమోనన్నయ్యా, ఇక ఇది నీ మీద లేదు. దీన్ని నేను మోస్తాను. ఆయనెలా పోయాడని జనం అడుగుతారు, చెబుతాను, నాలో మళ్లీ మంట లేస్తుంది, అప్పుడు కూడా నీ మీద వెయ్యను. తేలిగ్గా ఇస్తున్నానని మాత్రం అనుకోమాక."

"తేలిక కాదులే అమ్మా," అన్నాడు సొలొమోను. కళ్లు మూసుకున్నాడు. "నాకు తెలుసు."

ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంటే అవతల ల్యాబులో ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు మాత్రం వినపడింది. కీర్తన పెట్టెయ్యలేదు. చివరికి, "ఆ ఫొటో ఎక్కడ పెట్టావమ్మా?" అని అడిగింది. ట్రంకుపెట్టెలో, చీరల అడుగున అని మార్త చెప్పింది. సరే అని కీర్తన పెట్టేసింది.

జనం వెళ్లిపోయారు. మార్త వెళ్లలేదు. ఎందుకు ఉండిపోయిందో ఆమెకే తెలియదు. రావమ్మ ముఖం తిప్పుకుని కూర్చుంటే, తనే పొయ్యి వెలిగించి నీళ్లు కాచింది. గుడ్డ తడిపి సొలొమోను ముఖం, మెడ, చంకలు తుడిచింది. రోజూ చేసే పనిలాగే చేసింది, చెవుల వెనకా, మెడ మడతల్లోనూ ఎక్కడా వదలకుండా. కోపం పోయిందా అని తనను తాను అడిగి చూసుకుంది. పోలేదు. గుడ్డ పిండుతున్నప్పుడు పళ్లు బిగుసుకుంటూనే ఉన్నాయి. ఆ బిగిసిన పళ్లతోనే అతని కాళ్లు కూడా తుడిచింది. పాస్టరుగారు అరుగు మీద కూర్చుని, చూస్తున్నాడు. కాసేపటికి లేచి వచ్చి మురికి నీళ్ల గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుని బయట పారబోసి వచ్చాడు.

నాలుగు దాటాక మార్త పెరట్లో గుడ్డ ఆరేస్తుంటే రావమ్మ గుమ్మంలోకి వచ్చింది. "వదినా, ఒకసారి చూడు" అంది. ఆ పిలుపులో కోపం లేదు. మార్త వెళ్లి ముక్కు దగ్గర వేళ్లు పెట్టింది. మెడ దగ్గర తాకి చూసింది. ప్రాణం పోవడం ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సొలొమోను నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఏదో అనబోయి, ఇంకేమీ లేదనుకుని ఆగినట్టు. మార్త అరిగిన గోరు తగలకుండా వేళ్ల మెత్తతో అతని రెప్పలు దించి, రావమ్మ పక్కన కూర్చుంది. రావమ్మ ఆమె భుజం మీద తల పెట్టి, వాసన పట్టించుకోకుండా ఏడ్చింది.

గుడివాడ వెళ్లిన బెన్నీ కబురందుకుని వచ్చేసరికి పొద్దు వాలింది. నలుగురు కలిసి శవాన్ని పంచలోకి మార్చారు. జనం మళ్లీ చేరారు. ఈసారి వాళ్లు రెండు పేర్లూ అంటున్నారు, సొలొమోను పేరుతోపాటు ఏసుపాదం పేరు కూడా. ఏమంటున్నారో నిలబడి విని, మార్త చెప్పులు వేసుకుంది. తెల్లారితే సోమవారం. కొట్టు ఉంటుంది.

ఖాళీ మంచం పైన, దూలం నుంచి పాతచీర పేలిక వేలాడుతోంది, చెయ్యి పట్టే చోట నల్లబడి, ఇంకా బిగిసే ఉన్న ముడితో.